ఐసు లేనిదే ఈల లేదు

పిన్ని పోయిందన్న కబురు వచ్చేసరికి నా చేతిలో ఒక ఆటగాడి చీలమండ ఉంది. మలేషియాలోని క్లాంగ్‌లో నేను పనిచేసే ఫుట్‌బాల్ అకాడమీలో పొద్దుటి ఆటకు ముందు కాళ్లకు టేపు చుడుతున్నాను. ఫోన్ చేసింది తెలుక్ ఇంటాన్‌లో ఉండే పిన్ని చెల్లెలు.

"అక్క పోయినాదమ్మా. నిన్న సాయంత్రం బట్టలారేస్తా కూలబడిపోయినాది. గుండె లా. ఆస్పత్రికెల్లేసరికే అయిపోయినాది" అంది. ఆ 'లా' ఇక్కడివాళ్లు ఏ భాషలోనైనా మాట చివర తగిలించేది. ఆ తర్వాత తమిళంలోకి వెళ్లిపోయింది. ఆవిడకు ఏడుపు ఆ భాషలోనే వస్తుంది కాబోలు.

సగం చుట్టిన టేపు వదిలేసి లేవకూడదని నాకు నేర్పింది పిన్నే. అందుకని పూర్తిగా చుట్టి, ఆ అబ్బాయిని లేచి నాలుగడుగులు నడవమని, సరిగ్గా ఉందని చూసుకుని, అప్పుడు సామాన్ల గది వెనక్కి వెళ్లి ఏడ్చాను.

ఏడుపు తొందరగానే ఆరింది. కోపం మాత్రం ఇంకా ఆరలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు శాంతంగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు, మన్నించండి.

పిన్నికీ నాకూ చుట్టరికం లేదు. నేను తెనాలి పిల్లని. అథ్లెటిక్ ట్రైనింగ్‌లో మాస్టర్స్ చేద్దామని మలేషియా వచ్చాను. అథ్లెటిక్ ట్రైనింగ్ అంటే జిమ్‌లో బరువులెత్తించడం అనుకుంటారు చాలామంది. మా నాన్న ఇప్పటికీ చుట్టాలకు అలాగే చెబుతారు. అది కాదు. ఆటగాళ్లకు దెబ్బ తగలకుండా చూసుకునేది, తగిలితే అందరికన్నా ముందు గ్రౌండులోకి పరిగెత్తేది మేము. ఈ చదువులో సగం క్లాసులో, మిగతా సగం క్లినికల్ రొటేషన్లలో జరుగుతుంది. అంటే కొన్నాళ్లు ఆస్పత్రిలో, కొన్నాళ్లు క్లినిక్‌లో, కొన్నాళ్లు ఏదైనా బడిలోనో క్లబ్బులోనో, అనుభవం ఉన్న ఒకరి కింద పెట్టి పని నేర్పిస్తారు. నా బడి వంతు ఇపో అనే ఊరి శివార్లలో ఒక క్రీడల హాస్టల్ స్కూల్లో పడింది. అక్కడ హాకీ పిల్లల బాధ్యత పిన్నిది.

మొదటి రోజు నేను ఇస్త్రీ చేసిన పోలో చొక్కా వేసుకుని, నడుముకు కొత్త టేపుల సంచీ కట్టుకుని వెళ్లాను. ఆవిడ గేటు దగ్గర ఒక నీలం తొట్టిని పీచుతో తోముతోంది. మనిషి పడుకుంటే పట్టేంత తొట్టి. నా పేరూ ఊరూ విని తలెత్తింది.

"ఏటీ, తెలుగు గుంటవా? మా తాతది సీకాకులం పక్క. ఊరి పేరు మాకు తెల్దు. కొబ్బరి తోటల్లోకి కూలికొచ్చినాడు, ఇక్కడే పోయినాడు."

"సంతోషం మేడమ్" అన్నాను.

"మేడమేటి? మీ ఊల్లో అమ్మ ఈడుదాన్ని ఏటని పిలుత్తారు?"

"పిన్ని అంటామండి."

"మరదే పిలు. పిల్లల ముందర మాత్రం చిక్‌గు అను. మరి ఆ టేపులన్నీ లోపల పడేసి ఎల్లి ఐసు అట్రా."

చిక్‌గు అంటే మలయ్‌లో టీచరు. పిల్లలు ఆవిడను అలాగే పిలిచేవారు. ఆఫీసువాళ్లు మాత్రం మిస్సీ అనేవారు, ఇక్కడ నర్సుల్ని పిలిచినట్టు. ఇంకా ఒళ్లు కొవ్వెక్కినవాళ్లు 'తుకాంగ్ ఉరుట్' అని, అంటే ఒళ్లు పట్టే మనిషి అని, ఆవిడ వినేటట్టే అనుకునేవారు. అమెరికాలో చదివి వచ్చిన మనిషి ఆవిడ. గోడకు వేలాడే ఆ డిగ్రీని ఆఫీసుకు అతిథులు వచ్చిన రోజున చూపించేవారు, మిగతా రోజుల్లో మిస్సీ.

ఐసు అంటే ఫ్రిజ్‌లో ట్రేల ఐసు కాదు. చేపల మార్కెట్‌లో ఒక దుకాణం నుంచి గోనెల్లో తేవాలి. దానికి చేపల కంపు, అప్పుడప్పుడు పొలుసులు కూడా. పొద్దుటి ఆటకైనా, సాయంత్రం ఆటకైనా ముందు తొట్టి నిండాలి, ఐసు పక్కన సిద్ధంగా ఉండాలి. అప్పటిదాకా కోచ్ ఈల వెయ్యడానికి వీల్లేదు. "తక్ అదా ఐస్, తక్ అదా విసెల్" అని పిల్లలు మలయ్‌లో దాన్ని పాటలా పాడేవారు. నాతో అయితే పిన్ని తెలుగులో అనేది: "ఐసు నేకపోతే ఈల నేదు."

ఎందుకో చెబుతాను. ఈ దేశపు ఎండ మన ఎండలా పొడిగా కొట్టదు, తడిగుడ్డలో చుట్టి ఉడికిస్తుంది. అందులో పరిగెత్తే పిల్లకు ఒంట్లో వేడి బయటికి పోయే దారి దొరక్కపోతే మెదడు ఉడికిపోతుంది. అలాంటప్పుడు అందరికీ వచ్చే ఆలోచన ఒకటే, కార్లో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తడం. ఆ పరుగులోనే ప్రాణం పోతుంది. ఐసు నీళ్లలో ముంచి అక్కడే వేడి దించాలి, తర్వాతే తీసుకెళ్లాలి. ఈ మాట మా పుస్తకాల్లో ఉంది. పిన్ని గ్రౌండులో అదే మాట తొట్టి రూపంలో ఉంది. "సేతులు కాలినాక ఆకులెతుక్కుంటారేటే? ఆకులు ముందే కోసి పెట్టుకోవాల" అనేది.

ఆటయ్యాక ఐసంతా ఊరికే కరిగి నీళ్లయిపోయేది. ఆ గోనెలు మోసిన నడుము నాది గనక ఒకసారి విసుక్కున్నాను, అంతా దండగే కదా పిన్నీ అని. ఆవిడ నవ్వింది. "ఐసు కరిగిపోయినాదంటే మంచి రోజే గుంటా. కరక్కముందే వాడినావంటే అదీ సెడ్డరోజు" అని తొట్టి వంచేసింది.

ఆవిడ పద్ధతులు చిన్నచిన్నవి, మొండివి. పాలూ పంచదారా లేని టీ మిట్టమధ్యాహ్నం పొగలు కక్కుతుండగా తాగేది. పిల్లల మరుగుదొడ్డి తలుపు మీద స్వయంగా బొమ్మ గీసి అంటించింది, రెండు గ్లాసులు, ఒకదానిలో నిమ్మరసం రంగు, ఇంకోదానిలో టీ డికాక్షన్ రంగు. మూత్రం రెండో రంగులో ఉంటే ఆట లేదు, నీళ్లు తాగి కూర్చోవాలి. నాకు టేపు చుట్టడం కుర్చీ కాళ్ల మీద నేర్పింది. నేను మంచి నునుపుగా చుట్టి మురిసిపోతుంటే వచ్చి చూసి, "బాగుంది. ఈ కుర్చీ ఎక్కడికీ పరిగెత్తదులే" అని ఊడదీసేసింది.

తలకు దెబ్బ తగిలిన పిల్లాడి దగ్గరికి నేను మొదటిసారి పరిగెత్తి, "ఓకేనా?" అని అడిగాను. వాడు ఓకే అన్నాడు. పిన్ని నన్ను పక్కకు లాగింది.

"ఓకేనా అని అడక్కు. ఆడాలని ఉన్నోడు సచ్చిపోతున్నా ఓకే అంటాడు. గోలు ఎవులేసినారో అడుగు. పొద్దున్న ఏటి తిన్నాడో అడుగు."

వాడికి పొద్దున్న ఏం తిన్నాడో గుర్తు లేదు. ఆరోజు వాడు మళ్లీ ఆడలేదు. వాళ్ల కోచ్ మాత్రం మమ్మల్ని తినేసేలా చూశాడు.

ఇక చెడ్డరోజు సంగతి.

పోటీలకు ముందు ప్రాక్టీసు జోరుగా సాగుతున్న రోజులు. అమ్మాయిల జట్టు గోల్‌కీపర్, హాస్టల్లో ఉండి చదువుకునే మలయ్ పిల్ల, ఒంటినిండా ప్యాడ్లతో ఎండలో నిలబడి ఉంది. ఉన్నట్టుండి గోలు వదిలేసి అవతలి గోలు వైపు తూలుతూ నడిచింది. పిల్లలు నవ్వారు. పిన్ని నవ్వలేదు. పరిగెత్తి పట్టుకుని పేరు అడిగితే ఆ పిల్ల వాళ్ల తమ్ముడి పేరు చెప్పింది. అంతలోనే మోకాళ్లు మడిచి పడిపోయింది.

"తొట్టి!" అని అరిచింది పిన్ని. మేమిద్దరం ఆ పిల్లను ఈడ్చుకొచ్చాం. పిన్ని కత్తెరతో ప్యాడ్ల పట్టీలు, జెర్సీ కత్తిరించేసింది. నేను ఐసు గుమ్మరించాను. చంకల కింద తువ్వాలు వేసి తల నీళ్లపైన ఉండేలా పట్టుకున్నాను. పిన్ని రెండు చేతులతో నీళ్లు కలుపుతూనే ఉంది. అంబులెన్స్‌కి కబురు చేశాం, అది దారిలో ఉంది. ఇంతలో స్కూల్ స్పోర్ట్స్ మేనేజర్ తన కారు గ్రౌండులోకే తెచ్చి, తలుపు తెరిచి, "ఎక్కించండి! ఏం చేస్తున్నారు మీరు? ఎక్కించండి!" అని కేకలు. ఏసీ కారు, ఆస్పత్రి దగ్గరే లా, అంటాడు. తొట్టి మీదికి వంగి పిల్ల చెయ్యి పట్టి లాగబోయాడు.

పిన్ని తడిచేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. మలయ్‌లోనే అంది: "మీ కారు ఆగుతుంది సార్. ఈ పిల్ల ఆగదు."

అంబులెన్స్ వచ్చాక కూడా, లోపలి వేడి దిగేదాకా పిన్ని పిల్లను కదలనివ్వలేదు. దిగాక తనే ఎత్తి ఇచ్చింది. అప్పటికి ఆ పిల్ల వణుకుతూ వాళ్లమ్మను పిలుస్తోంది. పిన్ని చేతులు మోచేతుల దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆస్పత్రిలో డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఈ అమ్మాయిని చల్లబరిచిందెవరు? అలా చెయ్యకుండా తెచ్చి ఉంటే నేను వేరే మాట చెప్పాల్సి వచ్చేది" అంది. ఆ మాట నేను విన్నాను. మేనేజరూ నా పక్కనే నిలబడి విన్నాడు.

విన్నవాడు ఏం చేశాడో వినండి. ఎవరో తీసిన ఫొటో ఒకటి ఫోన్లలో తిరిగింది, ఆడపిల్లను చేపల ఐసులో పడుకోబెట్టారని, అందరి ముందూ బట్టలు కత్తిరించారని. స్కూలు పరువు పోయిందట. అంబులెన్స్‌ని ఆపి ప్రాణం మీదికి తెచ్చిందని పిన్ని మీద ఈయనే ఫిర్యాదు రాశాడు. డాక్టరమ్మ మాట ఎవరికీ గుర్తు రాలేదు. గోల్‌కీపర్ తండ్రి, పాపం, లారీ నడుపుకునేవాడు, ఆఫీసుకొచ్చి మొత్తుకున్నాడు, మా అమ్మాయి ఆవిడ వల్లే బతికింది మహాప్రభో అని. ఆయనకు టీ ఇచ్చి పంపేశారు.

పిన్నిని గ్రౌండు నుంచి తీసేశారు. ఉద్యోగం తియ్యలేదు, అంత ధైర్యం లేదు. లోపల ఒక గదిలో బల్ల వేసి, వచ్చిపోయే అధికారుల భుజాలు పిసికే పనిలో పెట్టారు. ఇన్నాళ్లూ ఎగతాళిగా అన్న 'ఒళ్లు పట్టే మనిషి' మాటను ఇప్పుడు ఉద్యోగం చేసేశారు. ఇక మా యూనివర్సిటీ ఏమైనా తక్కువ తిన్నదా? ఆ స్కూలుకి రొటేషన్లే రద్దు చేసింది. నన్ను సగంలో లాగి చల్లటి ఆస్పత్రిలో పడేసింది. 'విద్యార్థుల క్షేమం కోసం' అన్నారు. ఈ పని ఎలా చెయ్యాలో కళ్లారా చూపించే మనిషి దగ్గరికి పిల్లల్ని పంపకపోవడం క్షేమమట! నా తర్వాత వచ్చిన బ్యాచ్‌లలో ఎవరికీ పిన్ని తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

చదువయ్యాక క్లాంగ్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి ఆవిడ ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చింది. తొట్టి ఏమైంది పిన్నీ అని అడిగితే, "అందులో నేల తుడిసే మాపులు నానబెడతన్నారు" అంది.

"మీకు కోపం రాదా?" అని అరిచినంత పని చేశాను.

"ఎందుకు రాదే? సానా వత్తాది. అయితే కోపాన్ని దాసుకోకూడదు గుంటా, పులిసిపోతాది. ఏదో పనికి బేగి వాడీయాల. నా కోపం నాను ఆ ఆఫీసరు బుజాల మీద వాడతన్నాను. ఆడు మూలుగుతా థాంక్యూ మిస్సీ అంటన్నాడు."

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ తర్వాత ఆవిడ కళ్లు తుడుచుకుంది. అది నవ్వుకి వచ్చిన నీరు కాదని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఆవిడ పోయాక ఆ స్కూలు వాళ్లు స్మారక మ్యాచ్ పెట్టారు. పాత విద్యార్థినులందరినీ పిలిచారు, నన్నూ పిలిచారు. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అన్నారా? గేటు మీద పెద్ద బ్యానరు. 'మా ప్రియతమ మిస్సీ' అని రాసి, పిన్ని ఫొటో. ఆ ఫొటో నేను తీసిందే. అందులో పిన్ని తొట్టి అంచు మీద చెయ్యి వేసి నవ్వుతుంది. వీళ్లు తొట్టి దగ్గర కత్తిరించేశారు. చెయ్యి దేని మీద ఉందో చూసేవాళ్లకు తెలియదు.

మ్యాచ్ మూడు గంటలకు, నిప్పులు చెరిగే ఎండలో. ముఖ్య అతిథికి సాయంత్రం వేరే విందు ఉందట. గ్రౌండంతా చూశాను. కుర్చీలున్నాయి, మైకుంది, అతిథి తలపైన షామియానా ఉంది. తొట్టి లేదు, ఐసు లేదు. కేకు ఒకటి మాత్రం చల్లగా ఉండాలని ఐస్ బాక్సులో పెట్టి తెచ్చారు.

"తొట్టేదండీ?" అని మేనేజర్‌ని అడిగాను. అదే మేనేజర్, ఇప్పుడు నల్ల బ్యాడ్జీ పెట్టుకుని ఉన్నాడు.

"ఇవాళ సరదా మ్యాచే లా. కాసేపట్లో అయిపోతుంది. ఎందుకు ఊరికే గొడవ?"

"ఆవిడ పేరు మీద మ్యాచ్ పెట్టి ఆవిడ వద్దన్న పనే చేస్తారా? సిగ్గుండక్కర్లేదా?" నేను తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఆయన నన్ను చూసి, పాపం బాధలో ఉంది అన్నట్టు పక్కవాళ్లకు సైగ చేశాడు.

బాధా? నేను సామాన్ల గదికి వెళ్లాను. మాపుల కింద ఉంది తొట్టి. మాపులన్నీ బయట పారేసి, తొట్టిని ఒక్కదాన్నే ఈడ్చుకుంటూ వచ్చి బ్యానరు కింద పెట్టి, పిన్ని తోమినట్టే పీచుతో తోమడం మొదలుపెట్టాను. మైకులో ఆటగాళ్లను గ్రౌండులోకి రమ్మని పిలుస్తున్నారు. నేను ఐసుకు వెళ్లి వచ్చేలోపు ఆట మొదలైపోతుందని తెలుసు. అప్పుడు ఒకరు వచ్చి తొట్టి అవతలి అంచు పట్టుకున్నారు.

గోల్‌కీపర్. మనిషి బాగా ఎదిగింది, భుజాలు విశాలమయ్యాయి. ప్యాడ్లు ఇంకా వేసుకోలేదు. నాతోపాటు తొట్టి కడిగి, పైపు పెట్టి, ఆ అంచు మీదే కూర్చుంది.

మేనేజర్ వచ్చి, అతిథి ఎదురుచూస్తున్నారు, పద అన్నాడు.

"తక్ అదా ఐస్, తక్ అదా విసెల్, సార్" అంది ఆ అమ్మాయి, మర్యాదగానే. లేవలేదు.

గ్రౌండులోకి దిగినవాళ్లు అటూ ఇటూ చూసుకున్నారు. ఒకమ్మాయి నవ్వి, స్టిక్కు కింద పెట్టి, గడ్డి మీద చతికిలబడింది. ఆమె వెనక ఇంకొకరు. కాసేపటికి రెండు జట్లూ కూర్చున్నాయి. ఆ పాత పాట ఎవరో అందుకున్నారు. అంపైరు ఈలను జేబులో వేసుకుని నీడలోకి నడిచాడు. ఏడవడానికి అది సమయం కాదు, చేపల మార్కెట్‌కి వెళ్లాలి.

దుకాణం మూసేస్తున్నారు. చైనీస్ పెద్దాయన నన్ను చూసి తలుపు సగంలో ఆపాడు. "ఇప్పుడు ఎవరికి ఐసు? అక్క పోయింది కదా" అన్నాడు మలయ్‌లో, అక్క అనే మాట మాత్రం తెలుగులో. "అక్కకే" అన్నాను. ఆయన గోనెలు తనే ఎత్తి కారులో పెట్టాడు.

నేను తిరిగి వచ్చేసరికి ముఖ్య అతిథి విందుకి వెళ్లిపోయాడు. ఎండ కూడా కొంచెం వాలింది. ఐసు పోశాం. గోల్‌కీపర్ ప్యాడ్లు కట్టుకుంటూ గేటు మీది పిన్ని ఫొటో వైపు ఒకసారి చూసింది. ఈల పడింది.

మ్యాచ్ ఏమంత గొప్పగా లేదు. చాలామందికి ఆట వదిలేసి ఏళ్లయింది, ఆయాసపడుతూ నవ్వుకుంటూ ఆడారు. మధ్యమధ్యలో వచ్చి నీళ్లు తాగి, తువ్వాళ్లు తొట్టిలో ముంచి మెడకు చుట్టుకున్నారు. ఎవరూ తూలలేదు. ఎవరి పేరూ అడగాల్సిన పని నాకు పడలేదు. చివరికి కేకు కోశారు, నేను తినలేదు.

అందరూ వెళ్లిపోతుండగా మేనేజర్ తొట్టి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపల చిన్న ఐసు ముక్క ఒక్కటే తేలుతోంది, చూస్తుండగానే అదీ పోయింది.

"చూశారా? ఏమీ కాలేదు. అంత ఐసూ కరిగిపోయింది" అన్నాడు, మమ్మల్ని ఓడించినట్టు.

"అవును సార్. మొత్తం కరిగిపోయింది" అంది గోల్‌కీపర్.

తను ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని తొట్టి వంచాం. చేపల వాసనతో చల్లటి నీళ్లు బ్యానరు కింద నుంచి ఒక్కసారిగా పరుచుకుని, మెరుస్తున్న ఆయన నల్లబూట్ల మీదికి వెళ్లాయి. మేం ఆపలేదు. ఆయనే జరిగి నీళ్లకు దారి ఇచ్చాడు.